గురువారం చెంచాలు

కాఫీ డబ్బాలో చెంచా లేదు.

ఎరిక్ మూత తీసి లోపలికి తొంగిచూశాడు. డబ్బాని ఒకసారి ఆడించి కూడా చూశాడు. పెళ్ళైన కొత్తలో కొన్న పొట్టి చెంచా అది, కాడ కాస్త వంగి ఉంటుంది. దాంతో వేస్తేనే కాఫీ కుదురుతుందని అతని నమ్మకం.

"చెంచా ఏదీ?" అన్నాడు వంటింట్లోంచి.

"డ్రాయర్లో బోలెడున్నాయి కదండీ" అంది అనుగ్రహ హాల్లోంచి.

"బోలెడు సంగతి కాదు నేనడిగేది. కాఫీ డబ్బాలోది."

అనుగ్రహ చెప్పుల అట్టపెట్టె ఒకటి పట్టుకుని వచ్చింది. దాన్నిండా చెంచాలే. స్టీలువి, ప్లాస్టిక్‌వి, ఐస్‌క్రీమ్‌తో ఇచ్చేవి, గుండ్రటివి, కోలగా ఉన్నవి. ఒక్కో దానికీ దారంతో చిన్న చీటీ కట్టి ఉంది. అందులోంచి వంకర కాడ చెంచా వెతికి తీసి, దారం విప్పింది.

"ఇదిగోండి. మనింటిది కూడా కొలుద్దామని తీశాను. నిండా పోస్తే ఏడు ఎం.ఎల్. దాటుతోంది, తెలుసా? రూతుకి జ్వరమొచ్చినప్పుడల్లా ఐదు అనుకుని దీంతోనే కదా మందు పోశాం!"

"అంటే ఇన్నాళ్ళూ నా కూతురికి నేను ఎక్కువ మందు పోశానంటావు."

"మీరెప్పుడు పోశారు? నేనూ అత్తయ్యా పోశాం."

డైనింగ్ టేబుల్ దగ్గర వెల్లుల్లి ఒలుచుకుంటున్న జయకుమారి తలెత్తింది. ఎరిక్ తల్లి ఆవిడ. బాపట్లలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాక కొడుకు దగ్గర, దేశ రాజధానిలోని ద్వారకలో ఉంటోంది. "పొద్దున్నే ఇద్దరు డాక్టర్లు చెంచా కోసం కొట్టుకోడమేంట్రా? వింటే నవ్విపోతారు" అంది.

"నాకు ఆపరేషన్ టైమైపోతోందమ్మా. ఇంట్లో కూర్చుని చెంచాలు కొలుచుకోడానికి అందరికీ గురువారాలు ఉండవు కదా."

అనుగ్రహ చెంచాని డబ్బాలో వేసి, మూతపెట్టి, డబ్బాని అతని ముందుకి జరిపింది. "ఇంకెప్పుడూ తియ్యను లెండి" అంది. ఆ మాట మెత్తగానే ఉంది గానీ ఎరిక్‌కి కాఫీ రుచించలేదు.

ఆ గురువారం సంగతి కాస్త చెప్పాలి.

వాళ్ళిద్దరూ పనిచేసేది ద్వారకలోనే ఒక ట్రస్టు ఆసుపత్రిలో. అతను ఎముకల డాక్టరు, ఆమె పిల్లల డాక్టరు. పొద్దున వెళ్తే పేషెంట్ల వరస తెగదు. పరిశోధన చెయ్యాలని అందరికీ ఉంటుంది, చెయ్యడానికి పూట దొరకదు. పోయినేడు ట్రస్టువాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. ఏడాదికి ఒక డాక్టరుని ఎంచుకుంటారు. ఆ డాక్టరుకి వారంలో ఒక రోజు ఓపీ ఉండదు, వార్డు ఉండదు, ఫోన్లు ఉండవు. ఆ రోజు పరిశోధనకే. ఆర్నెల్లకి రిపోర్టు చూస్తారు. సరిగా సాగకపోతే ఆ రోజుని వరసలో తరవాతి వాళ్ళకి ఇచ్చేస్తారు.

ఇద్దరూ అప్లై చేశారు. తుంటి ఎముక విరిగిన ముసలివాళ్ళు ఆపరేషన్ అయ్యాక మళ్ళీ ఎంతమంది నడుస్తున్నారు, నడవనివాళ్ళు ఎందుకు నడవడం లేదు అన్నది ఎరిక్ ప్రశ్న. ఎన్నో ఏళ్ళుగా మనసులో మోస్తున్న ప్రశ్న. అనుగ్రహది ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, కూర ఉడికేలోపు రాసిన కాగితం. తల్లులు పిల్లలకి సిరప్ ఇంట్లో చెంచాతో పోస్తారు, ఏ ఇంటి చెంచా కొలత దానిదే. ఆ చెంచా తీసుకుని గీతలున్న సిరంజీ చేతికిస్తే మందు సరిగ్గా పడుతుందా? అంతే.

చెంచాలకి గురువారం వచ్చింది. తుంటి ఎముకకి రెండో స్థానం దక్కింది.

ఎరిక్ మిల్క్‌కేక్ తెప్పించి డిపార్ట్‌మెంట్ అంతా తనే పంచాడు. "మా ఆవిడకొస్తే నాకొచ్చినట్టే" అన్నాడు. ఆ మాట ఎన్నిసార్లు అంటే అంత చేదుగా తోచింది. వేరే ఎవరికైనా వచ్చుంటే తిట్టుకోవచ్చు, కమిటీకి కళ్ళు లేవనొచ్చు, ఇంటికొచ్చి భార్య దగ్గర వెళ్ళగక్కుకోవచ్చు. వచ్చింది భార్యకే. ఇంక ఎవరితో చెప్పుకోవాలి?

ఇంట్లో మాత్రం ఆ రోజుకి ఇంకో పేరు పడింది. ఖాళీ. "గురువారం ఎలాగూ ఖాళీయేగా అమ్మాయ్, గ్యాస్‌వాడిని రమ్మన్నాను" అంటుంది జయకుమారి. "గురువారం మమ్మా కీ ఛుట్టీ హై" అని మూడో తరగతి చదివే రూతు, అమ్మకి సెలవన్నట్టు స్కూల్లో చెప్పుకుంది. వాటర్ ఫిల్టర్ బాగుచేసేవాడికి అనుగ్రహ నంబరిచ్చి, గురువారమే రమ్మని చెప్పింది ఎరిక్కే. ముసలివాళ్ళకైతే తెలియదు, చిన్నపిల్లకైతే తెలియదు. అతనికి తెలుసు.

చెంచా గొడవైన ఆ పొద్దున, రెండు ఆపరేషన్ల మధ్య అతను చేతులు కడుక్కుంటుంటే ఓపీ కౌంటర్ నుంచి కమల దీదీ ఫోన్ చేసింది. పిల్లల ఓపీలో ఇంకో డాక్టరు సెలవు పెట్టాడట. వైరల్ జ్వరాల రోజులు, కారిడార్ అంతా ఏడుపులు.

"సర్ జీ, మేడమ్ ఇవాళ రీసెర్చ్ అని నాకు తెలుసు. పిలవకూడదు. కానీ ఒక్కమాట అడుగుతున్నా, ఇంట్లో పనిలో ఉన్నారా?"

పనిలో ఉంది అంటే సరిపోయేది. కమల దీదీ ఇంకెవరినో వెతుక్కునేది.

"లేదు, లేదు. ఖాళీయే" అన్నాడు ఎరిక్. "పిలవండి, వస్తుంది."

ఫోన్ పెట్టేశాక తేలిగ్గా అనిపించింది. జ్వరం పిల్లలు కదా, సాయమే కదా చేశాను అనుకున్నాడు. ఆ సాయంత్రం అనుగ్రహ వడలిన మొహంతో ఇంటికి వచ్చింది. చెంచాల పెట్టె టేబుల్ మీద పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ఎరిక్ ఇంకోసారి అన్నం పెట్టించుకుని తిన్నాడు.

భోజనం ముందు ప్రార్థన జయకుమారిదే. ఆవిడ ప్రార్థనలో అన్నానికి స్తోత్రం ఒక ముక్క, మిగతాదంతా ఇంటి సంగతులు. ఎవరి మొహం మీద అనలేని మాటైనా ఆవిడ కళ్ళు మూసుకుని దేవుడికి చెప్పేస్తుంది. గీజరు ఆపకుండా వెళ్ళినవాళ్ళకి జ్ఞానం ఇమ్మని, తడి తువ్వాలు మంచమ్మీద పడేసేవాళ్ళ మనసు మార్చమని అడుగుతుంది. దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రాకూడదు గనక ఎవరూ కిమ్మనరు. ఆ రాత్రి, "తండ్రీ, చెంచాల కోసం కలహించే వైద్యులకు శాంతి సమాధానములు దయచేయుము" అంది. రూతు ఫక్కున నవ్వింది. ఎరిక్ ఎప్పట్లాగే ఆమేన్ ఒక్కటే అన్నాడు. తను నోరు తెరిచి ప్రార్థన చేసే అలవాటు అతనికి చిన్నప్పట్నుంచీ లేదు.

గురువారం పిలిస్తే మేడమ్ వస్తారని కౌంటర్లో అందరికీ తెలిసిపోయింది. తరవాతి గురువారమూ పిలిచారు, ఆ పై వారమూ పిలిచారు. పిలవని వారం అపార్ట్‌మెంట్ సొసైటీలో ఆంటీలు వచ్చారు. "డాక్టర్ సాబ్, మీకివాళ ఖాళీ అటగా, మా మనవడి దగ్గు ఒకసారి చూడండి" అంటూ చెప్పులు విప్పేసేవాళ్ళు.

చలి మొదలయ్యే వేళకి అనుగ్రహ గురువారాలు బయటికి వెళ్ళడం మొదలుపెట్టింది. రూతుని బస్సెక్కించి, భుజాన సంచీ వేసుకుని, ఫోన్ ఆపేసి, మెట్రో ఎక్కేది. సాయంత్రం వచ్చేటప్పుడు చేతిలో ఏమీ ఉండేది కాదు. మొహం మాత్రం తేటగా ఉండేది. ఆ తేటదనమే ఎరిక్‌కి ముల్లులా గుచ్చుకుంది.

"ఎక్కడికెళ్తున్నావు?" అన్నాడు ఒకరోజు, మామూలుగా అడిగినట్టు.

"లైబ్రరీకి."

"ఏ లైబ్రరీ?"

"బేర్ సరాయ్‌లో."

"బేర్ సరాయ్‌లో నీకేం పని? అక్కడుండేది పోటీ పరీక్షల పిల్లలు."

"అందుకే వెళ్తున్నా. అక్కడెవరికీ దగ్గు రాదు" అని నవ్వి రూతు జడ వెయ్యడానికి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు అతన్ని వారమంతా కుదురుగా ఉండనివ్వలేదు. ఎవరితో కలిసి రాస్తోంది? ఎవరు సాయం చేస్తున్నారు? తను అడగని ప్రశ్నలు, తనకి చెప్పని జవాబులు ఎవరి దగ్గరున్నాయి? నలభైకి దగ్గరపడ్డ మనిషి, పదేళ్ళు కాపురం చేసిన మనిషి, ఇలా ఆలోచించడం సిగ్గుగానే ఉంది. అయినా ఆలోచన ఆగలేదు.

మరుసటి గురువారం ఆపరేషన్ చెయ్యాల్సిన పెద్దాయనకి షుగరు ఎక్కువుండి కేసు వాయిదా పడింది. ఎరిక్ కారు తీసుకుని బేర్ సరాయ్ వెళ్ళాడు.

జిరాక్సు కొట్లు, పాత పుస్తకాల దొంతర్లు, రాజ్మా చావల్ వాసన. భుజాలు రాసుకుంటూ పోయే సందులో ప్రతి గోడకీ గది అద్దెకి అన్న కాగితమే. ఇద్దరు పిల్లల్ని అడిగితే ఒక మేడ కింద బేస్‌మెంట్ చూపించారు. మెట్ల పక్కన చెప్పుల గుట్టలో అనుగ్రహ చెప్పులు గుర్తుపట్టాడు. కింద గాజు తలుపు, తలుపు బయట బల్ల వేసుకుని యజమాని.

"రండి సర్ జీ. సీటు కావాలా? కొడుక్కా, కూతురికా?"

"ఊరికే చూసి వెళ్తాను" అన్నాడు ఎరిక్. మొహం వేడెక్కింది.

గాజులోంచి కనపడింది. చెక్కతో అరలు అరలుగా చేసిన బల్లలు, ఒక్కోదానికి ఒక చిన్న లైటు. ఒంచిన తలలన్నీ ఇరవై ఏళ్ళవి. వాటి మధ్య గోడవైపు బల్ల దగ్గర అనుగ్రహ. కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుంది. ఎడమచేతిలో చెంచా, కుడిచేతిలో సిరంజీ. ఊపిరి బిగబట్టి సిరంజీలోంచి చెంచాలోకి నీళ్ళు వదులుతోంది. అంచు దాకా వచ్చి ఒక చుక్క ఒలికింది. చున్నీతో తుడుచుకుని, ల్యాప్‌టాప్‌లో ఏదో కొట్టి, ముందుకి వంగి చదువుకుంది. చదువుకుని, నవ్వుకుంది.

ఎరిక్ ఆ నవ్వుని అక్కడే నిలబడి చూశాడు. అనుగ్రహ ఇంట్లోనూ నవ్వుతుంది. వచ్చినవాళ్ళకి నవ్వుతుంది, పేషెంట్ల తల్లులకి నవ్వుతుంది, రూతుకి నవ్వుతుంది. ఈ నవ్వు ఎవరి కోసమూ కాదు. పక్కన ఎవరూ లేరు కూడా. ఎవరైనా మగవాడు కూర్చుని ఉంటే బాగుండేదేమో అని ఒక్క క్షణం అనిపించి అతనికే భయం వేసింది. మనిషి మీదైతే కోప్పడొచ్చు. బల్ల మీద, లైటు మీద, చెంచాలో నిలిచిన నీళ్ళ మీద ఎలా కోప్పడతాడు? అతనికి కావలసింది ఆ కుర్చీ. అలా కాళ్ళు ముడుచుకుని, లోకం మరిచి, తన ముసలివాళ్ళ నడక గురించి ఆలోచించుకోగలిగే కుర్చీ.

"మేడమ్ పక్క సీటు ఖాలీ హై, సర్ జీ" అన్నాడు యజమాని.

ఖాళీ అన్న ఆ మాట తన నోట్లోంచే వచ్చినట్టు ఎరిక్ ఉలిక్కిపడ్డాడు. మెట్లెక్కి వచ్చేశాడు.

అక్కడికి వెళ్ళినట్టు ఆమెకి చెప్పలేదు. కొన్ని వారాలకి డాక్టర్ కేశవరావు కబురుపెట్టారు. రాజమండ్రి ఆయన, పరిశోధన కమిటీకి పెద్ద. తలుపు వేసి, "కూర్చోవయ్యా" అన్నారు.

"మీ ఆవిడ రిపోర్టు వచ్చింది. పని బాగుంది, కానీ సగమే ఉంది. మొదటి నెలల్లో ఏమీ జరగలేదు. కమిటీలో నలుగురూ రోజు మార్చేద్దామంటున్నారు. వరసలో తరవాత ఉన్నది నువ్వే."

ఎరిక్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ఆలస్యానికి కారణం ఏం రాసిందండీ?"

"అదే నాకు అర్థం కానిది. ఒక్క కారణం రాయలేదు. ఓపీకి పిలిచారనో, ఇంట్లో పనులనో రాస్తారు ఎవరైనా. 'ఆలస్యమైంది, ఇకముందు కాదు' అని రాసి సంతకం పెట్టింది." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇల్లు ఒక్కటే కాబట్టి ముందు నిన్నే అడుగుతున్నా. తీసుకుంటావా? రాత్రిలోపు ఒక మాట చెప్పు."

బయటికి వస్తుంటే ఎరిక్ కాళ్ళు నేల మీద ఆనలేదు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాడు. పార్కింగులో కారులో కూర్చుని, ఫోన్లో దాచుకున్న పాత పేషెంట్ల నంబర్లు తిరగేశాడు. మాణిక్యం గారు, పాలం నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరు. పాపం నడుస్తోందో లేదో. మొదట ఈవిడకే ఫోన్ చెయ్యాలి. గురువారం పొద్దున్నే, ఇల్లు సద్దుమణిగాక, తలుపు వేసుకుని.

తలుపు వేసుకుంటే కమల దీదీ ఫోన్ చెయ్యదా? చేస్తుంది. అతను తియ్యకపోతే అనుగ్రహకి చేస్తుంది. "సర్ ఖాళీగా ఉన్నారా మేడమ్?" అని అడుగుతుంది. అప్పుడు అనుగ్రహ ఏమంటుంది?

అతనికి తెలుసు. ఆమె గొంతుతో సహా వినపడింది. "ఆయన పనిలో ఉన్నారు దీదీ." అప్పుడూ అదే అంది. అతను పెద్ద పరీక్షకి చదువుతున్న ఏడాది, రూతు కడుపులో ఉండగా, బాపట్ల నుంచి చుట్టాలొస్తే వాళ్ళని సొసైటీ పార్కుకి తీసుకెళ్ళి పొద్దుగూకేదాకా అక్కడే కబుర్లు చెప్పింది. తలుపు చప్పుడు కూడా కానివ్వలేదు. ఆ పూటలన్నీ ఎక్కడినుంచి వచ్చాయో అతనెప్పుడూ అడగలేదు. తన దగ్గర లేని ఆ గుణం కూడా ఆమె దగ్గరే ఉందని తట్టేసరికి అసూయ ఇంకోసారి భగ్గుమంది. ఎంతని కుళ్ళుకోవాలి ఒక్క మనిషి మీద?

ఆ నంబర్ల జాబితా మూసేశాడు. ఇంకో నంబరు నొక్కాడు.

ఇంటికి వచ్చేసరికి అన్నాలకి పిలుపు. బీరకాయ ఎండురొయ్యలు, చారు, అప్పడాలు. అనుగ్రహ రూతు కంచంలో నెయ్యి వేస్తోంది. కమిటీ సంగతి ఆమెకి తెలుసని మొహం చూస్తే అర్థమైంది. అడగడం లేదు, అంతే.

అందరూ తలలు వంచారు. జయకుమారి గొంతు సవరించుకోబోయి దగ్గింది. "నాకు గొంతు పట్టేసింది. ఒరేయ్ ఎరిక్, ఇవాళ నువ్వు చెయ్యి."

"నేనా?"

"నీకూ నోరుందిగా."

ఎరిక్ కళ్ళు మూసుకున్నాడు. రూతు ఒక కన్ను తెరిచి తండ్రిని చూసింది.

"పరలోకమందున్న తండ్రీ" అన్నాడు. "ఈ భోజనానికి స్తోత్రం. వండిన చేతులకు స్తోత్రం." అక్కడితో ఆమేన్ అనేస్తాడనుకున్నారు. అనలేదు. "కేశవరావు గారికి ఇందాక ఫోన్ చేశాను తండ్రీ. వరసలోంచి నా పేరు తీసెయ్యమన్నాను. గురువారం అనుగ్రహకే ఉంచమన్నాను. మొదటి నెలల్లో ఓపీకి పిలిచారు కాబట్టే పని ఆగిందని చెప్పాను. ఆమె ఖాళీ అని కౌంటర్లో చెప్పింది నేనేనని కూడా చెప్పాను."

అప్పడం విరుస్తున్న చప్పుడు సగంలో ఆగిపోయింది. జయకుమారి కళ్ళు తెరిచి, అడ్డు రాకూడదని గుర్తొచ్చి, మళ్ళీ మూసుకుంది.

"ఇంకో ఆర్నెల్లు చూద్దామన్నారాయన. నా ఆపరేషన్లు బుధవారానికి మార్పించుకున్నాను. గురువారం గ్యాసువాడు, ఫిల్టర్‌వాడు, దగ్గులు, రూతు స్కూలు నేను చూసుకుంటాను. బేర్ సరాయ్ వెళ్ళక్కర్లేదు. వెళ్ళాలనిపిస్తే వెళ్ళొచ్చు." ఎరిక్ కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. "నాకు అసూయ పోలేదు తండ్రీ. పోయిందని అబద్ధం చెప్పను. వరసలో ఆమె కింద నా పేరు ఉన్నన్నాళ్ళు ఆమె ఎక్కడ తప్పుతుందా అని చూస్తూనే ఉంటాను, అందుకే తీయించేశాను. వచ్చే ఏడాది మళ్ళీ మొదట్నుంచీ అడుగుతాను, ఇస్తే ఇస్తారు. ఇంతే."

"పాపా, ఆమేన్ బోలో నా, చారు చల్లారిపోతోంది" అంది రూతు.

"ఆమేన్" అన్నాడు ఎరిక్.

"ఆమేన్" అంది జయకుమారి. గొంతు బాగానే ఉంది.

అనుగ్రహ కళ్ళు వెంటనే తెరవలేదు. తెరిచాక కూడా అతనివైపు చూడలేదు. చారు గిన్నె దగ్గరికి లాక్కుని, గరిటె తిప్పి, అతని అన్నం మీద పోసింది.

"మీరు ఖాళీ అన్నారని దీదీ నాకు మొదటిరోజే చెప్పింది" అంది.

"మరి రిపోర్టులో రాయలేదేం?"

"మీ పేరు రాయాల్సొచ్చేది." గరిటె గిన్నెలో పెట్టింది. "ఇప్పుడు దీదీకి కూడా చెప్పారా?"

"చెప్పాను."

"ఏమని?"

ఎరిక్ అన్నం కలుపుతూ, కంచంలోకే చూస్తూ, "గురువారం డాక్టర్ గారు పనిలో ఉంటారని" అన్నాడు.